ముల్లు చెప్పిన సాక్ష్యం : పడవ మోటారులో విద్యుత్ లోపాలు, సూచికల పరిశీలన

మన రామకృష్ణాపూర్ బొగ్గుగనుల ఊరు. ఇక్కడి బిడ్డలకు తట్టా చెమ్మస్, క్యాపు ల్యాంపు, గని సైరన్ పరిచయమైనంతగా తెడ్డు, చుక్కాని, లంగరు పరిచయం కావు. గోదావరి మనకు ఎంతో దూరంలో లేకపోయినా, దానిని మనం రైలు వంతెన మీదినుండి చూచేవారమే గాని, దానిపై పడవలో తిరిగేవారము కాము. అటువంటప్పుడు పడవ మోటారును గురించి ఈ సంచికలో ఒక వ్యాసం ఎందుకు? అదీ పద్యాలు బోధించుకొని బ్రతికే తెలుగు ఉపన్యాసకుడు వ్రాయడమెందుకు? ఈ ప్రశ్న పాఠకులు అడుగక ముందే నేను సమాధానం చెప్పుకోవడం న్యాయం.

2022 జూలైలో గోదావరికి వచ్చిన వరద మనలో ఎవరమూ మరచిపోయేది కాదు. భద్రాచలం వద్ద నీటిమట్టం జూలై 16న 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులకు చేరిన తరువాత అంతటి వరద మళ్ళీ అప్పుడే. మన జిల్లాలో మంచిర్యాల ఒడ్డునున్న లోతట్టు కాలనీలలోనికి నీరు చొరబడింది. ఆ వారంలోనే పొరుగు జిల్లాలోని దహెగాం మండలంలో, వరద సహాయానికి వెళ్ళిన సింగరేణి రక్షక దళ సభ్యులు ఇద్దరు పెద్దవాగు ప్రవాహంలో ప్రాణాలు కోల్పోయారు. వారి త్యాగాన్ని తలచుకోకుండా ఆ వరదను గురించి మాట్లాడడం ఈ ప్రాంతపు వానికి తగదు.

ఆ రోజులలో మేము కొందరం రొట్టెలు, మంచినీటి సీసాలు, మందులు మూటకట్టుకొని ఒక అద్దె పడవలో బయలుదేరాము. అది ఫైబరు పడవ. వెనుక బల్లకు 40 అశ్వశక్తుల మోటారు బిగించి ఉన్నది. ముందు పలకపై ఉన్న పెట్రోలు సూచికలో ముల్లు నిండుగా ఉన్నట్లు చూపుతున్నది. పడవ నడిపే పెద్దాయన దానిని చూచి, "సరిపోతది సార్, రెండుసార్లు పోయి రావొచ్చు" అన్నాడు. వెళ్ళాము. ఒక మేడమీద చిక్కుకున్న బాలింతను, ఆమె పసికందును, అత్తగారిని ఎక్కించుకొని తిరుగుముఖం పట్టాము. నట్టనడుమ మోటారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ట్యాంకు మూత తీసి చూస్తే అడుగు కనిపించింది. ముల్లు మాత్రం అప్పటికీ నిండుగానే చూపుతున్నది! ప్రవాహం మమ్ములను ప్రక్కకు ఈడ్చుకొనిపోతుండగా, నీటిలో సగం మునిగిన తుమ్మచెట్టు కొమ్మలు పట్టుకొని నిలబడ్డాము. మరో పడవ వచ్చేసరికి దాదాపు రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలలో ఆ తల్లి ఒక్క మాట మాట్లాడలేదు. బిడ్డను గుండెకు హత్తుకొని ఆ ముల్లు వంకే చూస్తూ కూర్చున్నది.

నాటి సాయంత్రం, గనిలో ఎలక్ట్రీషియనుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మా మామూజాన్‌ను ఆ పడవ వద్దకు తీసుకొని వెళ్ళాను. అర్ధగంటలో ఆయన లోపం పట్టుకున్నారు. తరువాత నేను ఆయనను వదలలేదు. నాలుగు సెలవులకు ఆయన వద్ద నేర్చుకున్నదీ, పుస్తకాలు చదివి సరిచూచుకున్నదీ కలిపి ఈ వ్యాసంగా సమర్పిస్తున్నాను.

యంత్ర స్వరూపం

పడవ వెనుక బల్లకు బయటివైపున బిగించి, కావలసినప్పుడు విప్పి తీసుకొని పోగల మోటారును 'అవుట్‌బోర్డు మోటారు' అంటారు. దీనిని వాణిజ్యపరంగా విజయవంతం చేసినవాడు నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలె ఎవిన్‌రూడ్. 1909లో ఆయన అమ్మకానికి తెచ్చిన యంత్రం శక్తి ఒకటిన్నర అశ్వశక్తి మాత్రమే. నేడు మన తీరాంధ్రలో చేపల వేటకు వెళ్ళే ఫైబరు తెప్పల మీద, వరదలలో రక్షక దళాలు తెచ్చే గాలి పడవల మీద మనం చూచేది ఆ యంత్రపు సంతతినే.

ఈ మోటారులో మూడు అంతస్తులు ఉన్నవని చెప్పవచ్చు. పై టోపీ క్రింద ఇంజను, నడుమ నిలువు ఇరుసు, అడుగున నీటిలో తిరిగే పంకా. మన ప్రస్తుత విషయం పై అంతస్తు. అక్కడ ఇంజను నెత్తిన ఒక బరువైన చక్రం (ఫ్లైవీలు) ఉంటుంది. దాని లోపలి అంచున అయస్కాంతాలు, వాటి క్రింద కదలకుండా రాగితీగ చుట్లు (స్టేటరు) ఉంటవి. చక్రం తిరిగినప్పుడు ఆ చుట్లలో విద్యుత్తు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రమే ఇది. మీరు భౌతికశాస్త్ర తరగతిలో చదివిన పాఠం అక్కడ గిర్రున తిరుగుతున్నదన్నమాట.

ఇందులోని విద్యుత్ మార్గాలను నాలుగుగా విభజించుకుంటే సగం గందరగోళం తొలగుతుంది. మొదటిది ఇంజనును కదిలించే మార్గం : బ్యాటరీ, తాళం, సోలినాయిడు, స్టార్టరు. రెండవది నిప్పురవ్వను పుట్టించే మార్గం : చుట్లు, ఇగ్నిషన్ పెట్టె, కాయిలు, స్పార్కుప్లగ్గు. మూడవది బ్యాటరీని తిరిగి నింపే మార్గం : చుట్లు, రెక్టిఫయరు, రెగ్యులేటరు. నాలుగవది సూచికలు, హెచ్చరిక గంటలు. లోపం ఏ మార్గంలో ఉన్నదో ముందు నిర్ణయించుకొనక చేతికి అందినదల్లా విప్పేవాడు, జ్వరానికీ విరిగిన కాలికీ ఒకే మాత్ర ఇచ్చే వైద్యుని వంటివాడు.

స్టార్టరు తిరగనప్పుడు

తాళం త్రిప్పితే యంత్రం ఉలుకు పలుకు లేకుండా ఉన్నదనుకుందాం. అనుభవం లేనివాడు స్టార్టరు చెడిపోయిందని తీర్పు చెపుతాడు. అనుభవశాలి ముందు గేరు చూస్తాడు. ఎందుకనగా, గేరులో ఉన్న మోటారు మొదలైతే పడవ ఒక్కసారిగా దూకి మనుషులను నీటిలో పడవేయవచ్చు. అందుచేత గేరు తటస్థ స్థానంలో ఉన్నప్పుడే స్టార్టరుకు విద్యుత్తు అందేటట్లు ఒక చిన్న మీట అమర్చుతారు. గేరు కొంచెం ప్రక్కకు ఉన్నా, ఆ మీట తుప్పు పట్టినా స్టార్టరు తిరగదు. తరువాత చూడవలసినది ఫ్యూజు. ఆ తరువాతే బ్యాటరీ.

సోలినాయిడు చేసే శబ్దాన్ని గమనించవలెను. తాళం త్రిప్పగానే 'టక్' మని ఒక్క శబ్దం వచ్చి స్టార్టరు తిరగకపోతే, తాళము, ఫ్యూజు, గేరు మీట తమ పని తాము చేసినవని అర్థం. లోపం బ్యాటరీలోనో, లావు తీగల అతుకులలోనో, సోలినాయిడు లోపలి స్పర్శలలోనో, స్టార్టరులోనో ఉండాలి. 'టక టక టక' మని వరుసగా కొట్టుకుంటే ప్రాయికంగా బ్యాటరీ బలహీనమైనది. ఏ శబ్దమూ లేకపోతే లోపం తాళం వైపున ఉన్నది. ఒక్క శబ్దాన్ని చెవితో విని సగం మార్గాన్ని నిర్దోషిగా ప్రకటించవచ్చును గదా!

ఇప్పుడు బ్యాటరీ. పన్నెండు వోల్టుల బ్యాటరీ నిండుగా ఉండి విశ్రాంతిగా ఉన్నప్పుడు మీటరు సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. 12.2 చూపితే దాదాపు సగం ఖాళీ. 11.9కి దిగితే ఇంచుమించు అయిపోయినట్లే. అయితే విశ్రాంతిలో 12.6 చూపినంత మాత్రాన బ్యాటరీ, తీగలు నిర్దోషులని నమ్మరాదు. ఇది మామూజాన్ నాకు నేర్పిన మొదటి పాఠం. "పండుకున్న మనిషిని చూసి బలం చెప్పొద్దు బేటా, బరువెత్తినప్పుడు చూడాలె" అన్నారాయన.

దీని వెనుక ఓమ్ నియమం ఉన్నది. స్టార్టరు 100 ఆంపియర్ల ప్రవాహాన్ని కోరుతున్నదనుకుందాం. బ్యాటరీ కొనపై పేరుకున్న తుప్పు నిరోధం కేవలం 0.02 ఓములు. చాల స్వల్పం. కాని 100ని 0.02తో గుణిస్తే 2 వోల్టులు. అనగా ఆ అతుకు వద్దనే 2 వోల్టులు నష్టమవుతున్నవి. 100 ఆంపియర్లు, 2 వోల్టులు కలిసి అక్కడ 200 వాట్ల వేడిని పుట్టిస్తున్నవి. అందుకే చెడిన అతుకు చేతికి కాలుతుంది. అదే తీగలో ప్రవాహం లేనప్పుడు, సున్నతో ఎంత గుణించినా సున్నయే. అతుకు వద్ద నష్టమేమీ లేదు. మీటరు 12.6 చూపుతుంది. మనం మోసపోతాము.

కనుక పరీక్ష పనిచేస్తున్నప్పుడు జరగవలెను. ఒకరు తాళం త్రిప్పుతుండగా మరొకరు బ్యాటరీ కొనల మధ్య వోల్టేజి చూడాలి. అది సుమారు 9.6 వోల్టుల కంటె క్రిందికి పడిపోతే బ్యాటరీని అనుమానించాలి. బ్యాటరీ నిలబడి స్టార్టరు మాత్రం నీరసంగా తిరిగితే, మీటరు ఒక కొనను బ్యాటరీ ధన ధ్రువంపైనా, రెండవ కొనను స్టార్టరు ధన కొనపైనా ఉంచి చూడాలి. మధ్యలో నష్టమవుతున్న వోల్టేజి మీటరుపై నేరుగా కనిపిస్తుంది. అర వోల్టు దాటితే ఆ మార్గంలో దొంగ ఉన్నాడని తెలుసుకోవాలి. ఋణ ధ్రువం వైపు కూడ ఇదే విధంగా చూడాలి. చాలమంది ఎర్రతీగను మాత్రమే పరీక్షించి నల్లతీగను మరచిపోతారు. వచ్చిన ప్రవాహం తిరిగి వెళ్ళే దారి కూడ దారియే.

తిరుగుతుంది గాని అంటుకోదు

స్టార్టరు చక్కగా తిరుగుతున్నది, ఇంజను మాత్రం అంటుకొనడం లేదు. అప్పుడు మొదట చూడవలసినది ఎర్రని మెలికల తాడు. పడవ నడిపేవాడు దాని ఒక కొనను తన మణికట్టుకో నడుముకో తగిలించుకుంటాడు. రెండవ కొన మోటారు మీటకు తగిలి ఉంటుంది. అతడు నీటిలో పడితే తాడు ఊడి మోటారు ఆగిపోతుంది. దిక్కులేని పడవ గుండ్రంగా తిరుగుతూ వచ్చి పడినవానినే పంకాతో కొట్టకుండా కాపాడే ఉపాయమిది. ఆ తాడు క్లిప్పు సరిగా కూర్చోకపోతే ఇంజను ఎంత త్రిప్పినా అంటుకోదు. మరమ్మతుకు తెచ్చిన మోటారులో లోపం కేవలం ఈ క్లిప్పేనని తేలిన సందర్భాలు మెకానిక్కులందరికీ అనుభవమే.

బ్యాటరీ అవసరం లేకుండా చక్రం క్రింది చుట్లతోనే రవ్వ పుట్టించే మోటార్లలో ఆపే పద్ధతి కొంచెం విచిత్రమైనది. ఇంటి దీపాన్ని ఆర్పడానికి మనం మార్గాన్ని తెంచుతాము. ఇక్కడ అందుకు విరుద్ధంగా, ఆపే తీగను ఇంజను లోహానికి, అనగా 'భూమి'కి కలుపుతారు. రవ్వ పుట్టవలసిన విద్యుత్తు భూమిలోనికి జారిపోయి ఇంజను ఆగుతుంది. కనుక ఈ తీగ పైతొడుగు ఎక్కడైనా ఒరుసుకొనిపోయి లోహాన్ని తాకితే, మీట నొక్కకుండానే మోటారు ఆగిపోతుంది. కుదుపులకు తాకుతూ వదులుతూ ఉంటే మోటారు పోతూ వస్తూ ఉంటుంది. పరీక్షకు ఆ తీగను ఇగ్నిషన్ పెట్టె వద్ద విప్పి చూడాలి. రవ్వ తిరిగి వస్తే లోపం మీటలోనో తీగలోనో ఉన్నది, రాకపోతే చుట్లలోనో పెట్టెలోనో ఉన్నది. ఆ తీగ విప్పి ఉన్నంతసేపు తాళంతో ఇంజను ఆగదన్న సంగతి మరువరాదు. ఈ పరీక్ష ఒడ్డున చేయవలసినదే గాని నీటిలో కాదు.

రవ్వను చూడడానికి ప్రత్యేకమైన పరీక్ష పరికరం వాడాలి. పెట్రోలు ఆవిరి ఉన్న చోట ప్లగ్గు విప్పి బయట రవ్వ వెలిగించడం నిప్పుతో చెలగాటం. ఇగ్నిషన్ పెట్టెలో రెండు మూడు వందల వోల్టులు నిలువ ఉండవచ్చును. దానిని చేతితో తాకరాదు.

నింపే మార్గం, చుట్ల సూచిక

చక్రం క్రింది చుట్లలో పుట్టేది ఏకాంతర విద్యుత్తు, అనగా క్షణక్షణం దిశ మార్చుకునేది. బ్యాటరీకి కావలసినది ఏకముఖ విద్యుత్తు. రెక్టిఫయరు ఆ మార్పు చేస్తుంది, రెగ్యులేటరు వోల్టేజి హద్దు దాటకుండా కాపాడుతుంది. ఇంజను మధ్యస్థ వేగంలో నడుస్తున్నప్పుడు బ్యాటరీ కొనల మధ్య 13.5 నుండి 14.5 వోల్టుల వరకు కనిపించవలెను. 12.6 కంటె పెరగకపోతే బ్యాటరీ నిండడం లేదు. 15 దాటితే రెగ్యులేటరు అదుపు తప్పినది, బ్యాటరీ ఉడికిపోతుంది.

ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నదో చూపే సూచిక కూడ చాల మోటార్లలో ఈ నింపే మార్గానికే ముడిపడి ఉంటుంది. అది లెక్కించేది చుట్లను కాదు, చుట్లలో పుట్టిన విద్యుత్ స్పందనలను. అందుచేత చుట్ల సూచిక చచ్చిపడిపోతే ముందు సూచికను మార్చవద్దు. బ్యాటరీ నిండుతున్నదా అని చూడండి. రెండూ ఒకేసారి ఆగిపోయినవంటే దోషి రెక్టిఫయరో స్టేటరో అయి ఉంటుంది. ఒక రోగానికి రెండు లక్షణాలు కనిపించడం వంటిదిది.

సూచిక పనిచేస్తూనే తప్పు చెప్పడానికి మరొక కారణం ఉన్నది. దాని వెనుక ఒక చిన్న మర ఉంటుంది. ఒక చుట్టుకు ఎన్ని స్పందనలని లెక్కించాలో దానితో నిర్ణయిస్తారు. పన్నెండు ధ్రువాల స్టేటరు ఒక చుట్టుకు 6 స్పందనలు ఇస్తుంది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే 18000 స్పందనలు. మరను పొరపాటున 4 వద్ద ఉంచితే సూచిక 18000ను 4తో భాగించి 4500 అని చూపుతుంది. యంత్రం బాగు, తీగ బాగు, సూచిక బాగు. లెక్క మాత్రం తప్పు. కొత్త సూచిక కొనితెచ్చి బిగించినవారు ఈ మరను చూడక ఇంజనులో లోపం వెదకడం కద్దు.

పెట్రోలు ముల్లు కథ

ఇప్పుడు మమ్ములను తుమ్మకొమ్మకు వ్రేలాడదీసిన ముల్లు సంగతి. ట్యాంకులో ఒక తేలే బెండు ఉంటుంది. అది లేచినప్పుడూ దిగినప్పుడూ ఒక నిరోధకం విలువ మారుతుంది. ముల్లు ఆ నిరోధాన్ని చదువుతుంది. అంతే. అది పెట్రోలును ఎన్నడూ చూడలేదు. దానికి తెలిసినది ఓములు మాత్రమే.

ప్రపంచంలో ఈ నిరోధాలకు ముఖ్యంగా రెండు పద్ధతులున్నవి. అమెరికా పద్ధతిలో ఖాళీ ట్యాంకుకు సుమారు 240 ఓములు, నిండు ట్యాంకుకు 33 ఓములు. ఐరోపా పద్ధతిలో ఖాళీకి 10 ఓములు, నిండుకు 180 ఓములు. ఒక పద్ధతి బెండుకు మరో పద్ధతి ముల్లును కలిపితే అది తలక్రిందులుగా చెపుతుంది.

ఇక తీగకు రెండే రకాల ఆపదలు. తెగిపోవడం, భూమికి తాకడం. తెగిన తీగ నిరోధం అనంతం, తాకిన తీగ నిరోధం సున్న. అమెరికా పద్ధతిలో తెగితే ఖాళీ అని చూపుతుంది, తాకితే నిండు అని చూపుతుంది. ఐరోపా పద్ధతిలో తెగితే నిండు, తాకితే ఖాళీ. పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించవలెను. రెండు పద్ధతులలోనూ ఒక లోపం మనలను భయపెడుతుంది, మరొకటి మనకు ధైర్యం చెపుతుంది. భయపెట్టే అబద్ధం వలన మనకు పోయేది ఒక డబ్బా పెట్రోలు. ధైర్యం చెప్పే అబద్ధం వలన పోయేది ప్రాణం.

మా పడవలో జరిగినది అదే. బెండునుండి వచ్చే తీగ అడుగు చెక్క క్రింద ఒరుసుకొని, భూమికి కలిపి ఉన్న ట్యాంకు లోహపు పట్టీని తాకుతున్నది. ముల్లుకు సున్న ఓములు అందినవి. అమెరికా పద్ధతి ముల్లు గనుక నిండుగా ఉన్నదని చెప్పింది. నేను కోపంతో ఆ సూచికను పీకి పారవేయాలన్నాను. మామూజాన్ నవ్వి, "ముల్లు తప్పేం లేదు బేటా, తీగ ఏం జెప్తే అదే జూపెడ్తది" అన్నారు.

పరీక్ష సులభం. సూచిక వెనుక బెండు తీగను విప్పి, తాళం త్రిప్పి చూడాలి. ఆ తీగ కొనను ఒక్క క్షణం భూమికి తాకించి మళ్ళీ చూడాలి. విప్పినప్పుడు ఒక చివరకూ, తాకించినప్పుడు రెండవ చివరకూ ముల్లు పోతే సూచిక నిర్దోషి. లోపం తీగలోనో బెండులోనో ఉన్నది. ఈ పరీక్ష సూచిక వద్ద చేయాలి గాని, ఆవిరి నిండిన ట్యాంకు మూత వద్ద రవ్వ పుట్టించే సాహసం చేయరాదు.

వేడి సూచికకూ ఇదే నీతి వర్తిస్తుంది. ఇంజను వేడెక్కిన కొలది దాని గ్రాహకం నిరోధం తగ్గుతుంది. తీగ తెగితే నిరోధం అనంతం, ముల్లు 'చల్లగా ఉన్నది' అని చెపుతుంది. వేడి హెచ్చినప్పుడు మ్రోగవలసిన గంట కూడ తీగ తెగితే మ్రోగదు. అందుకే చాల మోటార్లలో తాళం త్రిప్పగానే గంట ఒక్కసారి 'కీ' మని మ్రోగి ఊరుకుంటుంది. 'నేను బ్రతికే ఉన్నాను' అని అది చెప్పుకునే మాట అది. ఆ కూత వినిపించని రోజున పడవ ఒడ్డు దాటరాదు.

నేటి కొత్త మోటార్లలో ముళ్ళు పోయి, అన్ని సంగతులూ ఒకే జంట తీగలపై అంకెలుగా ప్రయాణించి తెరమీద కనిపిస్తున్నవి. ఎన్.ఎమ్.ఇ.ఏ. 2000 అనే పద్ధతిలో ఆ ప్రధాన తీగ రెండు చివరల ఒక్కొక్క 120 ఓముల నిరోధకం ఉంటుంది. విద్యుత్తు ఆపి ఆ జంట తీగల మధ్య కొలిస్తే, సమాంతరంగా ఉన్న రెండూ కలిసి 60 ఓములు కనిపించాలి. 120 కనిపిస్తే ఒక చివర ఊడినట్లు. యంత్రం ఎంత నూతనమైనా ఓమ్ నియమం పాతదే.

మౌనం క్షేమం కాదు

ఈ విషయంలో మన గనులు పడవలకు పాఠం చెప్పగలవు. గనిలో బొగ్గుకోత యంత్రానికి వెళ్ళే కేబులులో పైలట్ తీగ అనే సన్నని తీగ ఒకటి ఉంటుంది. దానిలో ప్రవాహం ఉన్నంతవరకే యంత్రానికి విద్యుత్తు అందుతుంది. అది తెగితే యంత్రం ఆగిపోతుంది. అనగా ఇక్కడ లోపం తనను తాను ప్రకటించుకుంటుంది. రైలు పట్టాల సంకేతాలలోనూ ఇదే సూత్రం. 1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ హక్కులు పొందిన పద్ధతిలో పట్టాల గుండా ఎల్లప్పుడూ కొద్ది ప్రవాహం ఉంటుంది. రైలు వచ్చినా, తీగ తెగినా, బ్యాటరీ చచ్చినా సంకేతం ఎర్రనిదే అవుతుంది. తెలియనప్పుడు ఆగుమని చెప్పే యంత్రం అది. పడవ సూచికలు అంతటి నిజాయితీతో నిర్మించబడలేదు. తెలియనప్పుడు కూడ అవి 'అంతా బాగే' అనగలవు. కనుక ఆ లోటును నడిపేవాని వివేకం పూరించవలెను.

అందుకు కొన్ని జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. బ్యాటరీ విప్పేటప్పుడు ఋణ తీగను ముందు, బిగించేటప్పుడు చివర. ధన ఋణాలు తారుమారైతే రెక్టిఫయరు క్షణంలో కాలిపోతుంది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ విప్పరాదు. పోయిన ఫ్యూజు స్థానంలో అదే విలువ గల ఫ్యూజు పెట్టాలి గాని తీగముక్క చుట్టరాదు. ఫ్యూజు పోవడం లోపం కాదు, లోపం ఉన్నదని చెప్పే కబురు. కబురు తెచ్చినవాని నోరు నొక్కితే మంటలే మిగులుతవి. నీరు అందకుండా ఒడ్డున మోటారు నడిపితే దాని నీటి పంపులోని రబ్బరు చక్రం కొద్దిసేపటిలోనే పాడవుతుంది. అతుకులను శుభ్రపరచి గ్రీజు పూయడం, తీగలు ఒరుసుకునే చోట తొడుగు వేయడం పది రూపాయల పని. అన్నిటికంటె మిన్నగా, బయలుదేరే ముందు ట్యాంకులో శుభ్రమైన పుల్ల ముంచి చూడడానికి ఏ శాస్త్రమూ అక్కరలేదు. మా పెద్దాయన నేడు ఆ పుల్ల లేకుండా పడవ ఎక్కడు.

ప్రియ విద్యార్థులారా! మీలో కొందరు రేపు గనిలో మీటర్ల ముందు కూర్చుంటారు, కొందరు ఆసుపత్రిలో, కొందరు కార్యాలయాలలో లెక్కల ముందు. ఎక్కడైనా మీకు కనిపించేది ముల్లే. దాని వెనుక తీగ ఉంటుంది, తీగ చివర నిజం ఉంటుంది. చదువనేది ఆ తీగ వెంబడి నిజం వరకు నడిచి వెళ్ళే ఓపిక. మన కళాశాల ప్రయోగశాలలో ఉన్న వోల్టుమీటరును పరీక్షల రోజున మాత్రమే తాకుతున్నాము. కార్యవర్గంవారు వారానికి ఒక సాయంత్రం ఆ గది తలుపు తెరిపించి, మామూజాన్ వంటి విశ్రాంత కార్మికులను ఒక గంట కూర్చోబెట్టగలిగితే, మన పిల్లలు పుస్తకంలోని ఓమ్ నియమాన్ని చేతివ్రేళ్ళతో తెలుసుకుంటారని నా మనవి. గోదావరికి మళ్ళీ వరద వస్తుంది. ఆ రోజున పడవలో ఒక తల్లి బిడ్డను హత్తుకొని కూర్చుంటుంది. అప్పుడు ఆ పడవ వద్ద తీగను అనుమానించడం తెలిసిన మన విద్యార్థి ఒకడైనా ఉండవలెనని నా కోరిక.